మా అమ్మాయి ఇంటికొచ్చింది, అందరికీ వందనాలు

యుక్రెయిన్‌లో చదువుకుంటూ యుద్ధంలో చిక్కుకున్న పిల్ల, నిన్న రాత్రి శంషాబాద్‌లో దిగింది. ఇప్పుడు లోపల పడుకుంది. నేను గంటకోసారి వెళ్లి చూసి వస్తున్నాను. నాకింకా నిద్ర లేదు, తప్పులుంటే క్షమించండి.

మార్చి 2, 2022, మా క్రైస్తవులకి ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం. ఖార్కివ్‌లో ఉన్న మనవాళ్లంతా అక్కడి టైమ్ ప్రకారం సాయంత్రం 6 లోపు ఊరు వదలాలని, బండి దొరక్కపోతే నడిచైనా వెళ్లాలని ఎంబసీ చెప్పింది. వెళ్లమన్న ఊళ్లలో ఒకటైన పెసోచిన్‌కి 11 కిలోమీటర్లు. "నడుస్తున్నాం మమ్మీ" అని ఒక్క మెసేజ్, అంతే. ఇంట్లో ఉండలేక సికింద్రాబాద్‌లో కనపడిన చర్చిలోకి వెళ్లాను. మా చర్చి కూడా కాదు. ఆరాధన మధ్యలో ఫోన్ చూస్తూ ఏడుస్తుంటే పక్కనున్న పెద్దావిడ విసుక్కోలేదు. చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీద కూర్చోబెట్టింది.

అప్పటికి అందరూ "దేవుని చిత్తం" అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఆవిడ ఆ మాట అనలేదు. "చేద తోడేటప్పుడు జారిపోయే చుక్కని ఎప్పుడైనా లెక్కపెట్టావా అమ్మా? ఆయనకి ఈ రాజ్యాలన్నీ అంతే" అంది. బైబిల్లో, బబులోను చెరలో ఉన్న యూదుల్ని ఓదార్చే యెషయా 40వ అధ్యాయంలోని మాట అది. "మరి ఆపొచ్చుగా?" అన్నాను, కొంచెం గట్టిగానే. "నాకూ తెలీదమ్మా. మా పెద్దోడు దుబాయ్‌లో పోతే శవం రావడానికి 40 రోజులు పట్టింది. రోజూ అదే అడిగా, జవాబు రాలేదు. వాడు ఆ ఆఫీసుల చేతిలో లేడు, ఆయన చేతిలో ఉన్నాడనుకుంటే మాత్రం కాస్త కునుకు పట్టేది" అంది.

ఆటోలో నాతోపాటు సీతాఫల్‌మండి వచ్చింది. చారు పెట్టి నాలుగు ముద్దలు తినిపించింది. రాత్రి రెండింటికి "చేరాం" అని ఫోన్ వచ్చేదాకా కూర్చుంది, తెల్లారేసరికి వెళ్లిపోయింది. నేను పేరైనా అడగలేదు. అమ్మా, మీ కళ్లద్దాల పెట్టె మా ఇంట్లోనే ఉంది.

మా ఆయన, తమ్ముడు ఎలాగూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. పిల్లని అక్కడికి పంపడానికి డబ్బు కట్టించుకున్న కన్సల్టెన్సీ యుద్ధం మొదలవగానే ఫోన్ ఎత్తడం మానేసింది. ఆన్‌లైన్ క్లాసులకి కాలేజీ ముందే ఒప్పుకుని ఉంటే పిల్లలు అక్కడ ఇరుక్కునేవాళ్లే కాదు. ఇక్కడ ప్రైవేటు కాలేజీలో సీటు కొనగలిగితే అంత దూరం పంపేవాళ్లమా?

మర్చిపోయాను, ఢిల్లీ తెలంగాణ భవన్‌లో అన్నం పెట్టినవాళ్లకి వందనాలు. తను కూడా రోజా ఉపవాసం పట్టి దువా చేసిన పక్కింటి అమ్మీజాన్‌కి. రీచార్జ్ డబ్బులు తర్వాత ఇవ్వమన్న షాపు బాబుకి. ఇంకా, రొమేనియా బోర్డర్‌లో మా పాపకి సూప్ ఇచ్చి, తన మేజోళ్లు తీసి తొడిగిన ఆమెకి. ఆమెకి తెలుగు రాదు, అయినా రాస్తున్నాను.