చెవి వెనక పుట్టుమచ్చ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన కథ రెండు రాత్రుళ్ళలో చదివేశాను. మొదటి రాత్రి మీ నాన్న లైటు ఆర్పమని గొణుగుతుంటే లేచి హాల్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్లో నేను "బాగుందమ్మా" అని ఆగిపోతాను, నువ్వు "సరేలే" అని పెట్టేస్తావు. ఎప్పుడూ అంతేగా. అందుకే కాగితం, పెన్ను తీశాను. నా చేతిరాత నీకు కొత్తకాదు, కూడబలుక్కుని చదువుకో.

ముందు నచ్చినవి చెప్తాను. వాంపైర్‌కి, పోయిన భార్యే మళ్ళీ పుట్టిందంటూ, బ్లడ్ బ్యాంకులో నైట్ డ్యూటీ చేసే అమ్మాయిని జత చేశావు చూడు, అక్కడ నవ్వు ఆపుకోలేకపోయాను. ఫ్రిజ్ వైపు చూడకుండా ఉండటానికి అతను పడే పాట్లు, ఆ అమ్మాయేమో "మీరు డోనరా, పేషెంటు తాలూకా?" అనడం, అతను నీళ్ళు నమిలి "రెండూ కాదండీ" అనడం! ఈ వెటకారం నీకు నా నుంచి మాత్రం రాలేదు. అతను తన మొహం చూసుకుని రెండొందల ఇరవై ఏళ్ళయిందన్న సంగతి కూడా బాగా పట్టుకున్నావు. అద్దంలో కనిపించడు కదా మరి. తన ముక్కు ఎలా ఉంటుందో మర్చిపోయాడు గానీ, పోయిన భార్య ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు ఎటు తిరిగి ఉండేవో చెప్పగలడు. ఆ పేరా రెండుసార్లు వెనక్కెళ్ళి చదివాను.

ఒక్కచోట "రక్తపిశాచి" అని రాశావు. అది తీసేసి అన్నిచోట్లా వాంపైర్ అనే ఉంచు. పిశాచి అనగానే మనకి జుట్టు విరబోసుకున్న దెయ్యం గుర్తొస్తుంది గానీ ప్రేమించే మనిషి రాడు. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన మన భేతాళుడి కథల్ని అనువదించి, పేరులో భేతాళుణ్ణి కాస్తా వాంపైర్ చేసేశాడు. పాపం భేతాళుడు ఎవరి మెడ కొరికాడు? శవంలో దూరి, రాజు భుజమెక్కి, కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు, అంతేగా.

నీ కథ అయ్యాక నిద్రపట్టక ఈ వాంపైర్ల గురించి నేనూ కాస్త చదివాను. 1725లో, ఇప్పటి సెర్బియాలోని ఒక పల్లెటూళ్ళో, పీటర్ ప్లొగొయొవిట్స్ అనే రైతు చనిపోయాడు. తర్వాత ఎనిమిది రోజుల్లో ఆ ఊళ్ళో తొమ్మిదిమంది పోయారు. పోయేముందు వాళ్ళు, అతను రాత్రి వచ్చి గొంతు నొక్కాడని చెప్పారట. సమాధి తవ్వితే నోటి దగ్గర రక్తం, కొత్తగా పెరిగినట్టున్న గోళ్ళు. శవం కుళ్ళేటప్పుడు లోపలి గాలి రక్తాన్ని నోట్లోకి నెడుతుందనీ, చర్మం ముడుచుకుపోయి గోళ్ళు పొడుగ్గా కనిపిస్తాయనీ వాళ్ళకేం తెలుసు! గుండెలో మేకు దిగ్గొట్టి తగలబెట్టేశారు. దగ్గరుండి చూసిన ఆస్ట్రియా అధికారి రాసిన నివేదికలో నాకు తెగ నచ్చిన ముక్క ఇంకొకటుంది. చనిపోయినతను భార్య దగ్గరికీ వచ్చాడట. వచ్చి ఏమడిగాడనుకున్నావు? చెప్పులు! నా చెప్పులివ్వమన్నాడట. ఆవిడ ఊరే ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోయింది.

మొదటి వాంపైర్ కాపురాలు ఇలా ఏడ్చాయి. అందులో ప్రేమా లేదు, జన్మజన్మల బంధమూ లేదు. 1897లో వచ్చిన డ్రాక్యులా అనే వాంపైర్ నవలలోనైనా ఉందేమో అనుకున్నాను, చాలామంది ఉందనే అనుకుంటారు. లేదు. ఆ నవలలో డ్రాక్యులా ఎవరి కోసమూ శతాబ్దాల తరబడి ఎదురుచూడలేదు. భార్య మళ్ళీ పుట్టడమన్నది తర్వాత సినిమాలవాళ్ళు తెచ్చి అతికించిందే. 1972లో బ్లాక్యులా అనే సినిమాలో ఆఫ్రికా రాకుమారుడికి పెట్టారు, 1992లో హాలీవుడ్ డైరెక్టర్ కొపోలా తీసిన సినిమాలో డ్రాక్యులాకే పెట్టారు. ఇప్పుడు నువ్వు పెట్టావు.

కానీ వీటన్నిటికంటే ముందు 1932లో ద మమ్మీ అని ఒక సినిమా వచ్చింది. అందులో వాంపైర్ లేడు. ఈజిప్టులో వేల ఏళ్ళ కిందట బతికుండగా పూడ్చేసిన పూజారి లేచొస్తాడు. తను ప్రేమించిన రాకుమారి ఇప్పుడు ఇంకో అమ్మాయిగా పుట్టింది. ఆమెకి పాత జన్మ గుర్తు చేస్తాడు, ఆమెకి నిజంగానే గుర్తొస్తుంది కూడా. ఇక చంపి, మమ్మీని చేసి, తనలాగే మళ్ళీ లేపి పక్కన పెట్టుకుందామని అతని ప్లాను. అప్పుడు ఆమె, ఒకప్పుడు నిన్ను ప్రేమించిన మాట నిజమే, కానీ నేను ఇప్పుడు ఇంకో మనిషిని కూడా, నాకు బతకాలనుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. అంత పాత సినిమాలో ఆ మాట ఉంటుందని నేననుకోలేదు. నీ కథలో ఆ అమ్మాయి చేత నువ్వు ఆ మాట అనిపించలేదు.

అదే నాకు గుచ్చుకుంది.

మన పునర్జన్మ కథలు గుర్తు తెచ్చుకో. 1964లో వచ్చిన మూగమనసులు నీకు చిన్నప్పుడే చూపించాను, నువ్వు సగంలో నిద్రపోయావు. అందులో ఇద్దరూ చనిపోతారు, ఇద్దరూ మళ్ళీ పుడతారు. గోదారి మీద పడవలో వెళ్తుంటే పాత సంగతులు బయటికొస్తాయి. ఇద్దరూ ఒకే రేవు దాటారు గనక ఎవరికీ ఎవరి మీదా పైచేయి లేదు. వాంపైర్ కథలో అలా కుదరదు. అతను చావలేదు. ఆమె చచ్చి, మర్చిపోయి, వేరే అమ్మ కడుపున పుట్టి, వేరే భాష నేర్చుకుని, వేరే భయాలు పెంచుకుని పాతికేళ్ళదయింది. అతను మాత్రం ఆ రోజు దగ్గరే నిలబడిపోయి ఉన్నాడు. పెళ్ళి ఒకరికే గుర్తుంటే అది పెళ్ళేనా? అతనికి ఆమె భార్య, ఆమెకి అతను మెడ వంక చూస్తున్న ఎవరో కొత్త మనిషి.

భగవద్గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు కూడా ఇలాగే, నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచాయి అర్జునా, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు అంటాడు. నాకు తెలుసు కాబట్టి చెప్పినట్టు చెయ్యి అని ఆపేసి ఉంటే పుస్తకం అక్కడితో అయిపోయేది. ఇంకా బోలెడు చెప్పి, పద్దెనిమిదో అధ్యాయంలో, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. నీ హీరో ఆ చివరి మాట దాకా రాలేదమ్మా. "నాకు తెలుసు, నీకు తెలియదు" దగ్గరే ఆగిపోయాడు.

ఇంకొకటి చెప్తాను, తప్పయితే లెంపలేసుకుంటాను. చావులేని మొగుడు, ఉండేది శ్మశానంలో, మెడలో పుర్రెలు, ఒంటినిండా బూడిద. పెళ్ళాం నిప్పుల్లో కాలిపోయి, ఇంకో ఇంట్లో పుట్టింది. ఎవరి కథో అర్థమైందా? సతీదేవి పార్వతిగా పుట్టాక శివుడు హిమవంతుడి ఇంటికొచ్చి "ఇది నా భార్య" అనలేదు. కళ్ళు మూసుకుని తపస్సులో కూర్చున్నాడు. పార్వతే కావాలనుకుంది, ఆకులు కూడా తినడం మానేసి అపర్ణ అనిపించుకుంది. కాళిదాసు కుమారసంభవంలో అయితే, శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, ఆ పాములవాడూ ఆ బూడిదవాడూ నీకెందుకమ్మా అని తనని తానే తిట్టుకుంటాడు. ఆమె మండిపడి లేచి వెళ్ళిపోబోతుంటే అప్పుడు అసలు రూపం చూపించి, నీ తపస్సుకి అమ్ముడుపోయిన దాసుణ్ణి అంటాడు. వద్దనుకునే దారులన్నీ చూపించాకే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నీ కథలో ఇలాంటి సీను ఒక్కటుంటే ఎంత బాగుండేదో. అతనే బ్లడ్ బ్యాంకుకి ఇంకో పేరుతో వచ్చి, నీ వెంట పడుతున్న ఆ మనిషి మంచివాడు కాదు జాగ్రత్త అని చెప్పినట్టు. ఊరికే అంటున్నాను, రాసేది నువ్వు.

నీ హీరోది ప్రేమ కాదని మాత్రం అనను. ఎలా అంటాను?

మా అమ్మ పోయిన పదకొండు నెలలకి నువ్వు పుట్టావు. నర్సు నిన్ను పక్కకి తిప్పినప్పుడు ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ కనిపించింది. మా అమ్మకీ అక్కడే. ఇంక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. కూతుర్ని "అమ్మా" అని పిలవడం మనలో అందరూ చేసేదే, పిలిచేవాళ్ళకీ పలికేవాళ్ళకీ అందులో ఏమీ ఉండదు. నేను పిలిచినప్పుడు మాత్రం ఉండేది. నీకు రెండేళ్ళప్పుడు ఒక పళ్ళెంలో మా అమ్మ కళ్ళజోడు, పెన్ను, తాళాలగుత్తి, ఇంకా ఏవో పెట్టి నీ ముందుంచాను. నువ్వు సరాసరి తాళాలగుత్తి తీసుకున్నావు. అది ఎంతమందికి చెప్పుకున్నానో! పెద్దయ్యాక నువ్వే అన్నావు, "చప్పుడు చేసేది అదొక్కటేగా అమ్మా, ఏ పిల్లయినా అదే తీస్తుంది" అని.

1967లో అమెరికాలో డార్క్ షాడోస్ అని టీవీ సీరియల్ వచ్చేదట. అందులో వాంపైర్ ఒక అమ్మాయిని ఎత్తుకొచ్చి, పోయిన తన ప్రియురాలి మ్యూజిక్ బాక్స్ చేతిలో పెట్టి, ఆ పాత పేరుతో పిలుస్తూ, ఆమెని ఆ మనిషిగా మార్చాలని చూస్తాడు. అది చదువుతుంటే నాకు నా పళ్ళెం గుర్తొచ్చింది.

నువ్వు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి చెవి వెనక బ్యాండేజ్ అంటించుకుని వచ్చావు. దెబ్బ తగిలిందా అంటే లేదన్నావు. చూడనివ్వలేదు. మూడు రోజులు తియ్యలేదు, నాలుగో రోజు స్నానంలో తడిసి అదే ఊడిపోయింది. తర్వాత నుంచి జడ వేయించుకోవడం మానేసి జుట్టు వదిలేసుకుని తిరిగేదానివి. నేను తల దువ్వుతానంటే "నాకొచ్చులే" అనేదానివి. నీకు గుర్తుందో లేదో. నాకుంది.

మూడో చాప్టర్లో ఆ అమ్మాయి జుట్టు ముడి వేసుకుంటుంటే చెవి వెనక పుట్టుమచ్చ చూసి అతను గుర్తుపడతాడని రాశావు. అక్కడ కాగితాలు పక్కన పెట్టేసి మంచినీళ్ళు తాగొచ్చాను. ఎందుకలా రాశావని నేను అడగను, నువ్వు చెప్పక్కర్లేదు.

ఒక్క మార్పు మాత్రం అడుగుతాను. ఆ సీన్లోనే అతను పాత పేరుతో పిలవగానే ఆ అమ్మాయి వెనక్కి తిరుగుతుంది. తిప్పకు. తన పేరు కాని పేరుకి ఎవరు పలుకుతారు? అతను రెండోసారి పిలవాలి, ఆమె చేతిలో పని మానకుండా "ఆవిడెవరో ఈ షిఫ్టులో లేరండీ" అనాలి. అక్కడి నుంచి అతను ఆవిడ అసలు పేరు కనుక్కుని, మొదటినుంచీ మొదలుపెట్టాలి. పాత ఆవిడకి వాన ఇష్టమైతే ఈ అమ్మాయికి వానంటే చిరాకు ఉండనీ, డ్యూటీకి తడిసి రావాలి కదా. వాంపైర్ ఎవరింట్లోకైనా వెళ్ళాలంటే లోపలివాళ్ళు పిలవాలనే రూలు డ్రాక్యులా నవలలో ఉంది, నువ్వూ దాన్ని పాటించావు. రెండో చాప్టర్లో ఆమె గది బయట వర్షంలో నిలబడి "లోపలికి రావచ్చా" అని అడుగుతాడు. గుమ్మానికి ఇచ్చిన ఆ మర్యాద ఆ అమ్మాయికి కూడా ఇప్పించు, చాలు.

చివర్లో ఆమెని కూడా వాంపైర్‌ని చేస్తాడా లేదా అన్నది తేల్చకుండా వదిలేశావు. అది నాకు నచ్చింది, మీ నాన్నకి నచ్చలేదు. అవును, ఆయన కూడా చదివాడు, నీకు చెప్పొద్దన్నాడు. తెల్లారేలోపు అతను వెళ్ళకపోతే కాలిపోతాడు కదా అని నన్ను నిద్రలేపి మరీ అడిగాడు. డ్రాక్యులా నవలలో పగలు కూడా తిరుగుతాడనీ, ఎండ తగిలి చావడం 1922లో వచ్చిన నోస్ఫెరాటు అనే మూకీ సినిమా మొదలుపెట్టిందనీ చెప్పాను. "మరి మనమ్మాయి ఏది వాడుతోంది?" అన్నాడు. ఫోన్ చేసినప్పుడు ఆయనకి సమాధానం చెప్పు.

కాగితాలు కొరియర్‌లో తిరిగి పంపుతున్నాను, పెన్సిలుతో కొన్నిచోట్ల గీతలు పెట్టాను, నచ్చకపోతే రబ్బరుతో తుడిచెయ్.

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు ఉక్కగా ఉందని జుట్టంతా పైకి ముడేసి క్లిప్పు పెట్టుకున్నావు. నా ముందే కూర్చుని అరగంట ల్యాప్‌టాప్‌లో ఏదో టైపు చేసుకున్నావు. నేను పేపరు చదువుకున్నాను.

ఉంటాను.

అమ్మ