ఈ ఏడాది మన బోస్టన్ నడకలు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శిగా నేను రిపోర్టు రాయడం ఇదే మొదటిసారి, కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే జరిగాయి, ఫోటోలు అందరూ చూసేశారు కాబట్టి మళ్ళీ ఏకరువు పెట్టను. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపిస్తారు. ఈసారి కొత్తగా చేసింది డౌన్‌టౌన్ నడకలు, అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా చారిత్రక కట్టడాల మీదుగా పోయే ఫ్రీడమ్ ట్రెయిల్ ఎర్ర గీత పట్టించి రెండున్నర మైళ్ళు నడిపిస్తాం, ఫోటోలు దిగుతాం, కాళ్ళు నొప్పులంటూ ఇంటికొస్తాం. పోయినేడు మీటింగ్‌లో ఒక పెద్దాయన "ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, ఆ గోడల మీద కంచు పలకల్లో ఒక్కటన్నా నిలబడి చదివామా" అని అడిగారు. ఎవరం మాట్లాడలేదు. నడకలు అక్కడ మొదలయ్యాయి.

మొదటిది ఫిబ్రవరిలో పెట్టి మంచుకి కాన్సిల్ చేశాం. తప్పు నాదే, బోస్టన్‌లో ఫిబ్రవరిలో నడకేంటని ఇంట్లో కూడా అక్షింతలు పడ్డాయి. ఏప్రిల్‌లో ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్‌కి వెళ్ళాం. 1773 డిసెంబర్ 16న బ్రిటిష్ పన్నుకి నిరసనగా టీ పెట్టెలు సముద్రంలో పారబోసే ముందు దాదాపు 5,000 మంది పోగైన చోటు అని అందరికీ తెలుసు, కానీ ఆ బిల్డింగే 1876లో వేలంలో 1,350 డాలర్లకి పోయిందనీ, అదీ పడగొట్టి కలప, రాయి అమ్ముకోడానికనీ మాలో ఒక్కరికీ తెలీదు. ఊళ్ళోవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు పూనుకుని 4 లక్షల డాలర్లు పోగేసి ఆపారట. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన జాన్ హాంకాక్ ఇంటికి ఆ అదృష్టం లేదు, దాన్ని 1863లోనే కూల్చేశారు, ఇప్పుడు స్టేట్ హౌస్ (రాష్ట్ర శాసనసభ భవనం) కంచెకి ఒక పలక మిగిలింది. 1718 నాటి ఓల్డ్ కార్నర్ బుక్‌స్టోర్ కూడా 1960లో పార్కింగ్ గరాజ్ అయిపోవాల్సిందే, ఎలాగో నిలబడింది. ఇప్పుడు అందులో చిపోట్లే అనే మెక్సికన్ తిండి హోటల్ ఉంది, పిల్లలు ఆ చరిత్రని చాలా శ్రద్ధగా అధ్యయనం చేశారు.

జూన్‌లో నార్త్ ఎండ్. బ్రిటిష్ సైన్యం వస్తోందని గుర్రమెక్కి వెళ్ళి హెచ్చరించిన పాల్ రివీర్ ఇల్లు చూసి, అక్కడ్నుంచి కమర్షియల్ స్ట్రీట్‌లో పువోపోలో పార్క్ దగ్గర చిన్న పలక కోసం వెతికాం, ముందు దాన్ని దాటుకుని వెళ్ళిపోయాం కూడా. 1919 జనవరి 15న అక్కడ మొలాసిస్ ట్యాంక్ పగిలింది. మొలాసిస్ అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం, అలాంటిది 23 లక్షల గ్యాలన్లు, కెరటంలా వీధిలో పడి 21 మందిని మింగేసింది. ట్యాంక్ కారుతోందని చెప్తే కంపెనీవాళ్ళు బాగుచేయించకుండా కారేది కనపడకుండా గోధుమరంగు పెయింట్ వేయించారట, ఇది విన్నాక ఒకావిడ "ఎక్కడైనా కాంట్రాక్టర్లు ఒకటే" అన్నారు.

నాకైతే అన్నిట్లోకి గుర్తుండిపోయింది సెప్టెంబర్ నడక. గవర్నమెంట్ సెంటర్ ఎదురుగా సెంటర్ ప్లాజా గోడకి ఒక పలక ఉంది, ఇక్కడికి 255 అడుగుల దూరంలో 1649లో మద్రాసు గవర్నర్ ఎలైహూ యేల్ పుట్టాడని. బోస్టన్ నడిబొడ్డున మద్రాసు పేరు! మన కాశీ వీరన్న లాంటి తెలుగు వర్తకులు ఈస్టిండియా కంపెనీకి బట్టలు సమకూరుస్తున్న రోజుల్లోనే, 1672లో, ఈయన అక్కడ ఉద్యోగానికి చేరాడు, 1687లో గవర్నర్ అయ్యాడు, సొంత వ్యాపారం వెలగబెడుతున్నాడని కంపెనీవాళ్ళే 1692లో దింపేశారు. బానిసల రవాణా కూడా ఆ కాలంలో సాగింది. తర్వాత 1718లో తొమ్మిది బేళ్ళ సరుకు కానుకగా పంపితే దాన్ని అమ్ముకుని 562 పౌండ్లు తెచ్చుకున్న కాలేజీ ఆయన పేరు పెట్టుకుంది, అదే ఇప్పటి యేల్ యూనివర్సిటీ. పలకలో కాలేజీ ఉంది, మద్రాసులో ఏం చేశాడన్నది లేదు. ఒక తొమ్మిదో క్లాసు కుర్రాడు "మరి కింద ఇంకో పలక పెట్టొచ్చుగా" అన్నాడు, వాళ్ళ నాన్నగారు ముందు నువ్వు ఆ కాలేజీలో సీటు తెచ్చుకోరా అన్నారు, అందరం నవ్వేశాం గానీ అబ్బాయి అడిగింది సరైన మాటే. పబ్లిక్ గార్డెన్‌కి పోకుండా బోస్టన్ కామన్ పార్కు అంచున, అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి దళాన్ని నడిపిన రాబర్ట్ షా పేరున్న షా మెమోరియల్‌కి అందర్నీ తీసుకెళ్ళాను, దానికి కారణం ఇదే. 1897లో పెట్టిన ఆ కంచు శిల్పంలో నల్లజాతి సైనికులు కనిపిస్తారు, కానీ వాళ్ళలో చనిపోయినవాళ్ళ పేర్లు వెనకవైపు చెక్కింది 1980ల్లో.

వచ్చే ఏడు బీకన్ హిల్‌లో 1806 నాటి ఆఫ్రికన్ మీటింగ్ హౌస్‌తో మొదలుపెడదాం అనుకుంటున్నాం, ఫిబ్రవరిలో మాత్రం కాదు. అక్కడి ఇటుక ఫుట్‌పాత్‌ల మీద స్ట్రోలర్ నడవదు, చిన్నపిల్లలున్నవాళ్ళు చూసుకుని రండి. గరాజ్‌లో పార్కింగ్ డబ్బులు భరించలేకపోతున్నాం, ట్రైన్‌లోనే వద్దాం. సెప్టెంబర్‌లో పులిహోర తెచ్చిన స్టీల్ డబ్బా మూత ఒకటి మా ఇంట్లో ఉంది, ఎవరిదో చెప్తే తెచ్చిస్తాను.