పాకుడు కడిగేశావా!

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదురా. అపార్ట్‌మెంట్ మురుగునీటి ప్లాంటు కంపు కొడుతోందని తొట్టిలోని ప్లాస్టిక్ బిళ్లలన్నీ తీయించి, బ్లీచింగ్ పౌడర్‌తో తళతళలాడేలా కడిగించావా! నీళ్లను బాగుచేసేది ఆ బిళ్లల మీది పాకుడేరా. వంటవాణ్ణి తరిమేసి గిన్నెలు తోమించినట్టుంది నీ పని.

ఇక్కడ ఇంగ్లండ్‌లో నా ఉద్యోగమంతా ఆ పాకుడుతోనే. అమ్మ మాత్రం చుట్టాలకు 'మావాడు వాటర్ డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీర్' అంటుంది, ఏ నీళ్లో చెప్పదు. మా ప్లాంటులో గుండ్రటి తొట్లనిండా మనిషెత్తున రాళ్లు. పైన పొడుగాటి గొట్టాలు తిరుగుతూ మురుగునీళ్లు చల్లుతుంటాయి. మోటారు లేదు, చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మే ఊపుకే తిరుగుతాయి. వీటిని ట్రిక్లింగ్ ఫిల్టర్లంటారు. పేరుకు ఫిల్టరే కానీ, కాఫీ ఫిల్టర్‌లా వడకట్టేదేమీ ఉండదు. కోనేటి మెట్ల మీద మన కాలు జారుతుందే, అలాంటి పాకుడే ప్రతి రాయికీ పడుతుంది. నీళ్లలో కరిగిన మలినాన్ని అందులోని సూక్ష్మజీవులు తినేస్తాయి. రాళ్ల సందుల్లో గాలి తనంతట తనే ఆడుతుంది, గాలి ఊదే బ్లోయర్ల కరెంటు ఖర్చు లేదు. పైన మలినం తగ్గాక, కింది రాళ్ల మీద ఇంకో రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. పాకుడు మరీ మందమైతే లోపలికి ఆక్సిజన్ అందక, పట్టు వదిలి ఊడిపోతుంది. ఆ మడ్డి తర్వాతి తొట్టిలో అడుగున పేరుకుంటుంది. అంటే కడగడం కూడా అదే చూసుకుంటుంది, నీలాంటి అపార్ట్‌మెంట్ సెక్రటరీ అక్కర్లేదు!

సాల్ఫర్డ్‌లో 1893లోనే ఇలాంటి ఫిల్టర్ పెట్టారు. 1914లో పక్కనే మాంచెస్టర్‌లో, రాళ్లు లేకుండా గాలి ఊది సూక్ష్మజీవుల్ని నీళ్లలోనే పెంచే పద్ధతి వచ్చింది. మీ బిళ్లలు ఈ రెండింటికీ పుట్టిన బిడ్డ, పుట్టిల్లు నార్వే, 1980ల చివర్లో. ఒక్కో బిళ్లలో ఆ చిన్న చిన్న గదులెందుకనుకున్నావ్? పాకుడు తలదాచుకోవడానికి. కొన్ని రకాల్లో ఒక్క ఘనమీటరు బిళ్లలకు పాకుడు పట్టడానికి 500 చదరపు మీటర్ల చోటు దొరుకుతుంది.

మా రాళ్లకీ తిప్పలున్నాయిలే. వేసవిలో బాత్‌రూమ్ గోడల మీద వాలే బుల్లి ఈగలు ఇక్కడ మబ్బులా లేస్తాయి, నోరు తెరవలేం. మొన్న గొట్టం తిరగడం ఆగిపోయింది. తడి టిష్యూలు చిల్లులకు అడ్డంపడ్డాయి. వానలో నిలబడి తీగతో ఒక్కో చిల్లూ పొడిచాను, ఎం.టెక్. చదివింది ఇందుకే!

సరే, నీ సంగతి. బ్లీచింగ్ ఆపెయ్. అసలు కంపు గాలి చాలకే వచ్చుంటుంది, బ్లోయర్, అడుగున గాలి వదిలే గొట్టాలు చూపించు. బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి సూక్ష్మజీవులున్న మడ్డి ఒక ట్యాంకర్ తెప్పించి తొట్టిలో పోయించు. పాకుడు మళ్లీ పట్టడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, అందాకా ఆ నీళ్లు ఫ్లష్‌లకు వదలకు. డబ్బులిచ్చి మడ్డి కొంటున్నామని కమిటీ మీటింగ్‌లో ఎలా చెబుతావో, ఆ తంటా మాత్రం నీదే.

ఉంటానురా.