ఫ్రీడా కాలో దుస్తుల గురించి

అందరికీ నమస్కారం. నిన్న మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో ఫొటోలు చూసి "ఆమె ఎప్పుడూ ఆ దుస్తులే ఎందుకు వేసుకునేది?" అని అడిగారు కదా, నాకు తెలిసింది చెబుతాను.

ఆరేళ్ల వయసులో పోలియో వల్ల ఆమె కుడికాలు సన్నబడింది. 1925లో బస్సు, ట్రామ్ ఢీకొన్న ప్రమాదంలో వెన్నెముక విరిగింది. మంచంమీద పడుకునే, పైన బిగించిన అద్దంలో చూసుకుంటూ బొమ్మలు వేసింది.

మన కుట్టుపని వాళ్లకు అసలు ఆసక్తి ఇక్కడే. ఆమె ఎంచుకున్నది మెక్సికోలోని తెవాంతెపెక్ స్త్రీల వేషం. పై వస్త్రం హూయిపిల్, నడుము దగ్గర బిగింపు లేకుండా చదరంగా కుట్టినది. వెన్నెముకకు ఆసరాగా లోపల వేసుకున్న ప్లాస్టర్ కవచం బయటికి కనబడదు. కుచ్చుల పొడవాటి లంగా కాలిని కప్పేస్తుంది. ఇక చూపంతా జడలోని రిబ్బన్లు, పూల మీదికే. అవసరమూ, స్వదేశాభిమానమూ ఒకే కుట్టులో కలిశాయి.

1939లో, భర్త డియేగో రివేరాతో విడాకులైన ఏడాది, 'ఇద్దరు ఫ్రీడాలు' గీసింది. ఒకరిది తెల్లని ఐరోపా గౌను, మరొకరిది తెవానా (తెవాంతెపెక్ స్త్రీల) దుస్తులు. తెల్ల గౌను ఒడిలో రక్తపు మరకలు గమనించండి.

1954లో ఆమె పోయాక ఇంట్లో మూసి ఉంచిన ఆమె వస్తువులు 2004లో బయటపడ్డాయి. కాలు తీసేశాక ఆమె వాడిన, ఎర్ర బూటు తొడిగిన కృత్రిమ కాలు కూడా వాటిలో ఉంది. 1998లో ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ గోల్టియే ఆమె స్ఫూర్తితో దుస్తులు రూపొందించాడు. సంచులమీద ఆమె కలిసిన కనుబొమ్మలు అచ్చువేసి అమ్మడం మాత్రం నాకు నచ్చదు. ఆమె కమ్యూనిస్టు మరి!

హూయిపిల్ కత్తిరించి చూడాలనుకునేవారు చెప్పండి, కొలతల బొమ్మ గీసి పెడతాను.