కలపాల్నా, తీసెయ్యాల్నా?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ లెక్కల్లో ఎందరు తప్పారన్న వార్త పత్రికల్లో తప్పకుండా కనబడుతుంది. ఆ లెక్కలు చెప్పేవాళ్లలో నేనొకణ్ని. నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎక్కాలు రావు, భిన్నాలు రావు, అందుకే తప్పుతున్నారని చాలా ఏళ్లు నేనూ అనుకున్నాను. అవి రాని మాట నిజమే. కానీ అంతకుముందే ఇంకో చిక్కు ఉందని ఒక ఏడో తరగతి పిల్ల వల్ల తెలిసింది.

ఒకరోజు బోర్డు మీద ఈ లెక్క రాశాను. "రవి దగ్గర 40 రూపాయలున్నాయి. ఇవి లత దగ్గర ఉన్నవాటికంటే 12 రూపాయలు ఎక్కువ. లత దగ్గర ఎన్ని రూపాయలున్నాయి?" క్లాసులో చాలామంది 52 అని వేశారు. 'ఎక్కువ' అన్న మాట కంటపడగానే కూడిక గుర్తు పెట్టేశారు. ఆ పిల్ల మాత్రం నోటుబుక్కు పట్టుకుని వచ్చి "సార్, కలపాల్నా, తీసెయ్యాల్నా?" అనడిగింది. లెక్కల సార్లు రోజూ వినే ప్రశ్నే ఇది. మామూలుగా అయితే "తీసెయ్" అని పంపించేసేవాణ్ని. ఆ రోజెందుకో చదవమన్నాను. గడగడా చదివేసింది. ఎవరి దగ్గర ఎక్కువున్నాయని అడిగితే "లత దగ్గర" అంది. మళ్లీ చదవమన్నాను. మూడోసారికి 'ఇవి' దగ్గర ఆగింది. "ఇవి అంటే రవివే కద సార్" అని తనే అనుకుని, 28 వేసుకుని వెళ్లి కూర్చుంది.

తీసివేత ఆ పిల్లకు ముందే వచ్చు. అడ్డం పడ్డది రెండక్షరాల మాట. 'ఇవి' సర్వనామమని మా తెలుగు సారు చెప్పే ఉంటారు, ఆ పిల్లకు దాని మీద మార్కు కూడా వచ్చే ఉంటుంది. లెక్క మధ్యలో ఆ మాట ఎవరి వైపు వేలు చూపిస్తోందో చెప్పాల్సింది నేను. చదవడం, రాయడం భాషా పండితుల పని, మనది సబ్జెక్టు అనే మాట మా స్టాఫ్ రూములో నేనే ఎన్నోసార్లు అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రతి సబ్జెక్టుకూ దాని తెలుగు దానికి ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాలు (ఒక సంఖ్య నెత్తిన చిన్నగా రాసే అంకెలు) మొదలుపెట్టినప్పుడు ఒకడు "ఘాతమంటే దెబ్బ కద సార్, ఇక్కడ దెబ్బ ఎవరికి?" అనడిగాడు. అందరూ నవ్వారు. నిజానికి ఆ రోజు సరిగ్గా చదివింది వాడొక్కడే. ఫిజిక్స్ మేడమ్‌ది ఇంకా పెద్ద కష్టం. వడ్ల బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా నిలబడ్డ హమాలీ ఆ బస్తా మీద 'పని' చేయనట్టేనని ఆమె పాఠం చెబుతుంది. హమాలీ కొడుకు ఆ క్లాసులోనే కూర్చుని ఉంటాడు. ఇంట్లో మాటకూ పుస్తకంలో మాటకూ అర్థం వేరని, ఎందుకు వేరో నిమ్మళంగా విడమర్చకపోతే వాడు నిర్వచనం బట్టీ పట్టి, లోపల నమ్మకుండా ఉంటాడు.

2022-23 నుంచి మా బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. రెండూ చదువుతారనుకుంటే ఏదీ చదవని వాళ్లే ఎక్కువయ్యారు. నాకైతే ఆ ఎదుటి పేజీ బాగా పనికొచ్చింది. ఇంగ్లిష్‌లో 'ఫైవ్ లెస్ దాన్ ఎక్స్' అని ఉంటే పిల్లలు కనబడ్డ వరసలోనే ఐదులోంచి ఎక్స్ తీసేస్తారు. తెలుగు పేజీ చదివిస్తే 'ఎక్స్ కంటే 5 తక్కువ' అని ఉంటుంది, వరస దానంతటదే సరిపోతుంది. రెండు పేజీల మీద రెండు వేళ్లు పెట్టి చదవమంటాను.

ఇక రాయడం. వారానికి ఒక లెక్క కింద రెండు వాక్యాలు రాయిస్తాను, ఎందుకలా చేశారో. మొదట్లో "సార్, ఇది లెక్కల పీరియడా, తెలుగు పీరియడా?" అన్నారు. 'ఎక్కువ' ఆ పిల్ల నోట్సులో 'ఎకువ' అయింది. ఒత్తు ఎర్రపెన్నుతో పెడతాను తప్ప మార్కు కోయను. కోస్తే మరునాటి నుంచి ఆ రెండు వాక్యాలు కూడా గైడు చూసి దించుతారు. సిలబస్ సంగతేంటని తోటి సార్లు అడుగుతారు. నిజమే, మొదటి ఏడాది చివరి పాఠం పరుగులో చెప్పాను, దాచుకోను.

సోషల్‌లో అయితే చదివి అర్థం చేసుకుని వ్యాఖ్యానించడం అన్నది విద్యాప్రమాణాల్లోనే ఉంది. పదో తరగతి పరీక్షలో పేరా ఇచ్చి వ్యాఖ్యానించమంటారు. ఎంత మంచి ఆలోచన! పిల్లల దగ్గర దానికీ మందుంది. పేరా ఏదైనా సరే "పై పేరాలో ఫలానా విషయం గురించి వివరించబడింది" అని మొదలుపెట్టి, పేరాలోని వాక్యాలే కిందకు దించుతారు. దిద్దే మేము కూడా నాలుగు వరసలున్నాయా అని చూసి మార్కులు వేస్తున్నాం. తప్పు పిల్లలదని ఎలా అంటాను?

మీ పత్రికతో కూడా నాకు పని పడింది. వానాకాలం వచ్చిందంటే మా ఊళ్లో అందరూ ముందు చూసేది జలాశయాల నీటిమట్టం. ఆ ముక్క కత్తిరించి క్లాసుకు తీసుకెళ్లాను. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులని ఉంది. "పది తాడిచెట్ల లోతా సార్!" అన్నాడొకడు. 510 అడుగులకు తగ్గితే కాలువకు నీళ్లుండవని వాళ్ల నాయన చెప్పాడట, 510 అడుగుల నీళ్లుంచుకుని ఎందుకు వదలరని ఇంకొకడి కోపం. సోషల్ నోట్సులో డ్యాం ఎత్తు 124 మీటర్లని రాసుకున్న అమ్మాయి దాన్ని 3.28తో గుణించి 407 అడుగులే వచ్చిందని, పేపరోళ్లు తప్పు రాశారని తేల్చేసింది. ఎవరూ తప్పు రాయలేదు. 590 అన్నది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు, నీటి లోతు కాదు. అది చెప్పడానికి సోషల్ సారును పిలిచాను, మ్యాపు తెచ్చారు. ఆ రోజు రెండు పీరియడ్లూ దాని మీదే గడిచాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులని చెప్పి, రోజుకు 86,400 సెకన్లతో భాగించమంటే, ఒక రోజులో ఒక టీఎంసీ రావాలంటే 11,574 క్యూసెక్కుల, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగుల ప్రవాహం ఉండాలని వాళ్లే లెక్కగట్టారు.

చుట్టుపక్కల బడుల సబ్జెక్టు టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఎవరికి వారికే జరుగుతాయి, లెక్కల వాళ్లం లెక్కల వాళ్లతోనే కూర్చుంటాం. ఏడాదికి ఒక్కసారైనా ఒక బడిలోని టీచర్లందరినీ ఒక్క పాఠం ముందు కూర్చోబెట్టి, ఇందులో పిల్లవాడికి ఏ మాట అడ్డం పడుతుందో గుర్తించమంటే బాగుంటుందని విద్యాశాఖకు నా మనవి. పైసా ఖర్చు లేదు.

మీకూ ఒక మనవి. ఆ జలాశయాల పట్టిక కింద 'సముద్రమట్టం నుంచి' అని చిన్న అక్షరాల్లోనైనా వేయండి. అలాగే వార్తల్లో "సెకనుకు 20 వేల క్యూసెక్కులు" అని వస్తుంటుంది. క్యూసెక్కులోనే సెకను ఉంది కదా, మళ్లీ సెకను ఎందుకని మా తొమ్మిదో తరగతి వాళ్లు అడగమన్నారు.

ఇట్లు,
ఒక లెక్కల సారు,
నల్గొండ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)