ఆ 137 రెట్ల సంగతి

ఒరేయ్ రాజూ,

నీ మెసేజ్ చూశాను. మాచా, అదే జపాన్ వాళ్ళ గ్రీన్ టీ పొడి, డబ్బా కొన్నావు, దాని మీద గ్రీన్ టీ కంటే 137 రెట్లు యాంటీఆక్సిడెంట్లు అని ఉంది, నిజమేనా అని అడిగావు. జపాన్‌లో క్యోటోలో ఉంటున్నాడు కాబట్టి వీడికి తెలియకపోదని నీ ధీమా. ఫోన్‌లో చెబితే సగం విని మిగతా సగం మీ ఆవిడకి ఇంకోలా చెప్తావు, అందుకే ఉత్తరం.

ఆ 137 గాల్లోంచి పుట్టింది కాదు. 2003లో అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు మాచాలో ఈజీసీజీ ఎంతుందో కొలిచారు. గ్రీన్ టీకి ఇంత పేరు తెచ్చిన యాంటీఆక్సిడెంట్లని కాటెకిన్లు అంటారు, వాటిలో ముఖ్యమైనది అదే. కాకపోతే వాళ్ళు పోల్చింది ఒకే ఒక్క కంపెనీ గ్రీన్ టీతో, అదీ ఆ పదార్థం మరీ తక్కువున్న రకంతో. మిగతా గ్రీన్ టీల్లో అప్పటిదాకా కొలిచిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నదానితో చూస్తే కనీసం మూడు రెట్లు అని అదే పేపర్లో ఉంది. మూడు రెట్లంటే ఎవడు కొంటాడు చెప్పు!

అసలు ఎక్కువ ఎందుకుంటుందంటే, మామూలు గ్రీన్ టీలో ఆకుని నానబెట్టి పారేస్తాం, ఇందులో ఆకంతా పొడిగా లోపలికి పోతుంది. గోంగూర ఉడకబెట్టిన నీళ్ళు తాగడానికీ, ఆకుని పచ్చడి చేసుకుని తినడానికీ ఉన్న తేడా అన్నమాట. ఇక్కడికి దగ్గర్లోనే ఉజి అని ఊరుంది, మాచాకి పెట్టింది పేరు. కోతకి ముందు మూడు వారాలో ఇంకాస్త ఎక్కువో తోటల మీద నల్లటి వలలు కప్పేస్తారు. ఎండ తగలకపోతే ఆకుకి కమ్మదనం ఇచ్చే థియానిన్ వగరుండే కాటెకిన్లుగా మారడం తగ్గుతుంది, అందుకే వగరు తక్కువ, కమ్మదనం ఎక్కువ. అంటే చూశావా, మనం డబ్బులు పోసి కొనే ఆ రుచి కోసం వీళ్ళు కాటెకిన్లని కొంత వదులుకుంటున్నారు! తర్వాత ఆకుని ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. ఒక తిరగలికి గంటకి సుమారు 40 గ్రాములు వస్తే గొప్ప. ధర ఊరికే పెరగలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంట్ శక్తి కొలిచి వేసే మార్కులున్నాయే, వాటి పట్టికని అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తీసేసింది, మనిషి ఒంట్లో జరిగేదానికీ ఆ అంకెలకీ సంబంధం లేదని. మింగిన ఈజీసీజీలో రక్తంలోకి చేరేది కొంచెమే మరి. అలాగని అంతా ఉత్తిదే అనను. ఇక్కడ జపాన్‌లోనే మియాగి అనే చోట 40,530 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2006లో చెప్పారు: రోజుకి అయిదు కప్పులు, ఆ పైన గ్రీన్ టీ తాగేవాళ్ళలో గుండె జబ్బు, పక్షవాతం లాంటి వాటి వల్ల చావులు, కప్పు కూడా తాగనివాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళలో 31 శాతం, మగవాళ్ళలో 22 శాతం తక్కువ. క్యాన్సర్ చావుల్లో మాత్రం తేడా లేదు. అది మామూలు గ్రీన్ టీ, మాచా కాదు. పైగా అలా తాగేవాళ్ళ తిండీ నడకా కూడా వేరుగా ఉండొచ్చు కదా. చెడ్డ కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుందని వేరే పరీక్షల్లో తేలింది, కొద్దిగానే. నీ కొలెస్ట్రాల్ మాత్ర మానేసే ఆలోచన ఏమైనా ఉంటే ఇప్పుడే పక్కన పెట్టు.

తాగడం మాత్రం హాయిగా తాగు. మరిగే నీళ్ళు పొయ్యకు, కాస్త చల్లారనిచ్చి 75, 80 డిగ్రీల దగ్గర పోయ్, లేకపోతే చేదు. రెండు గ్రాములు చాలు. కెఫీన్ బాగానే ఉంటుంది, సాయంత్రం తాగి రాత్రి నిద్ర పట్టలేదని నాకు ఫోన్ చెయ్యకు. కేఫ్‌లో ఇచ్చే మాచా లాట్టేలో చక్కెరే ఎక్కువ, దాన్ని ఆరోగ్యం ఖాతాలో రాసుకోవద్దు. చెల్లాయికి రక్తం తక్కువుందన్నావు కదా, ఆమె భోజనంతో పాటు తాగకుండా చూడు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. గ్రీన్ టీ సారం మాత్రల జోలికి అసలు పోకు. రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ మాత్రల రూపంలో వేసుకుంటే రక్తంలో లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని, అంటే లివర్‌కి దెబ్బ తగులుతోందనడానికి గుర్తు కనబడుతోందని, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది.

ఇంకోటి, ఇది ముఖ్యం. నాన్నగారికి వాల్వ్ ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఇస్తున్నారు కదా. అది వార్ఫరిన్ లాంటిదైతే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె తో లంకె ఉంటుంది, ఆకుకూరలు ఒక రోజు ఎక్కువ ఒక రోజు తక్కువ తినొద్దనేది అందుకే. మామూలు టీ నీళ్ళలోకి విటమిన్ కె పెద్దగా దిగదు, మాచాలో ఆకంతా తాగేస్తాం కాబట్టి నేరుగా పోతుంది. డాక్టర్ని అడిగేదాకా ఆయనకి ఇవ్వకు. ఆ మాత్ర అట్ట ఫోటో తీసి నాకూ పంపించు.

నీ
వాసు