మెడికల్ ముందు, అప్పు తర్వాత

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొదటిసారి డ్యూటీకి బయల్దేరుతూ హడావుడిగా చదివాను, తర్వాత ఒక తెల్లవారుజామున హోటల్ గదిలో నిద్ర పట్టక మళ్లీ చదివాను. ఇవాళ సెలవు, అందుకే తీరిగ్గా కూర్చున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

నువ్వడిగింది సూటిగానే ఉంది. అకౌంటెన్సీలో ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది, అది అయిపోతే జీవితానికి ఢోకా ఉండదు, కానీ మనసంతా నాలాగా పైలట్ అయి విమానాలు నడపడం మీదే ఉంది, ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పటికీ వెళ్లలేనేమో అని భయం. అటు అమ్మేమో ప్రాణం మీదికి తెచ్చుకునే ఉద్యోగం నీకెందుకురా అంటోంది. నన్ను ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నావు. తేల్చే చెప్తాను, కానీ ముందు కొన్ని సంగతులు వినాలి.

అమ్మ భయం దగ్గర్నుంచి మొదలుపెడదాం. ప్రమాదకరమైన ఉద్యోగాల జాబితాలో పైలట్లు పైనే ఉన్నారని ఎక్కడో చదివిందన్నావు కదా, అది అబద్ధం కాదు. అమెరికా కార్మిక శాఖ వేసే లెక్కల్లో పైలట్లు ఏటా పై వరసల్లోనే కనిపిస్తారు. కానీ ఆ లెక్కలో పొలాల మీద మందు చల్లే విమానాలవాళ్లు, ఒంటి ఇంజిన్ విమానాల్లో కొండలకీ అడవులకీ సరుకు మోసేవాళ్లు, హెలికాప్టర్లవాళ్లు అందరూ కలిసే ఉంటారు, పోయే ప్రాణాలు ఎక్కువగా వాళ్లవే. పెద్ద ఎయిర్‌లైన్ విమానాల సంగతి వేరు. 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 కోట్ల 70 లక్షల సార్లు విమానాలు ఎగిరితే, ప్రయాణికుల జెట్ విమానం ఒక్కటి కూడా ప్రాణాలు పోయే ప్రమాదంలో పడలేదు. అదే ఏడాది జనవరిలో నేపాల్‌లో టర్బోప్రాప్ విమానం, అంటే ప్రొపెల్లర్లతో ఎగిరేది, కూలి 72 మంది చనిపోయారు, అది కూడా అమ్మకి దాచకుండా చెప్పు. అసలు రాత్రి డ్యూటీ దిగాక నిద్రకళ్లతో కారు నడుపుకుంటూ ఇంటికొచ్చే ఆ అరగంటే మన పనిలో ఎక్కువ భయపడాల్సింది అంటుంటారు నాతో ఎగిరే ఒక సీనియర్ కెప్టెన్. నాకూ అంతే అనిపిస్తుంది.

నన్ను భయపెట్టేది వేరే ఉంది, అది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

మా లైసెన్స్ ఎంత కష్టపడి తెచ్చుకున్నదైనా, క్లాస్ 1 మెడికల్, అంటే ఎగరడానికి ఒళ్లు బాగుందని డాక్టర్లిచ్చే సర్టిఫికెట్, చెల్లినన్నాళ్లే పనికొస్తుంది. ఏడాదికోసారి, అరవై దాటాక ఆర్నెల్లకోసారి, కళ్లు, చెవులు, గుండె, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. మూడేళ్ల కిందట కొన్నాళ్లు ఒంట్లో బాగాలేదని నీకు ఫోన్‌లో చెప్పి ఊరుకున్నాను, గుర్తుందా? అసలు జరిగింది ఇది. మామూలు మెడికల్‌కి వెళ్తే మూత్రపరీక్షలో రక్తం జాడ కనిపించింది. స్కాన్ తీస్తే ఎడమ కిడ్నీలో నాలుగు మిల్లీమీటర్ల రాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, ఆ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాను. డాక్టరుగారు స్క్రీన్ మీద తెల్లచుక్కని పెన్ను మొనతో చూపించి, "ఇది ఎప్పుడు కదులుతుందో చెప్పలేం, గాల్లో ఉన్నప్పుడు కదిలితే?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. నా ముందే ఆ కాగితం మీద "తాత్కాలికంగా అన్‌ఫిట్" అని రాసి పక్కన పెట్టేశారు. మళ్లీ ఫిట్ అనిపించుకోవడానికి ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలల్లో ఎగిరే అలవెన్స్ ఒక్క పైసా లేదు, ట్రైనింగ్ కోసం చేసిన అప్పు వాయిదాలు మాత్రం ఠంచనుగా వచ్చాయి. అదే రాయి ఒక ఆడిటర్ కిడ్నీలో ఉంటే నీళ్లు బాగా తాగమని చెప్పి పంపేవాళ్లు, మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్లిపోయేవాడు. నువ్వు "సేఫ్ ఉద్యోగం" అంటున్నావు చూడు, నా లెక్కలో ఆ మాటకి అర్థం ఇదే.

ఒంటి సంగతి అలా ఉంటే, మనసు సంగతి ఇంకా కష్టం. 2015 మార్చి 24న ఒక కో-పైలట్ తన జబ్బు దాచిపెట్టి, కావాలనే విమానాన్ని ఆల్ప్స్ కొండల్లోకి నడిపి మొత్తం 150 మంది ప్రాణాలు పోవడానికి కారణమయ్యాడు. ఆ తర్వాత తోటి పైలట్లతోనే మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాట్లు చాలా చోట్ల వచ్చాయి, అది చాలా మంచి పని. అయినా నిద్ర పట్టట్లేదు, మనసు బాగుండట్లేదు అని డాక్టరుతో చెప్పడానికి ఇప్పటికీ జంకేవాళ్లు ఉన్నారు, ఎక్కడ మెడికల్ ఆపేస్తారో అని. నువ్వు లోపల ఒకటి పెట్టుకుని బయటికి నవ్వే రకం కాబట్టి ఈ విషయం నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వస్తే ఆ అలవాటు మానుకోవాలి, కనీసం నా దగ్గరైనా.

ఇక 2020. దాని గురించి నీకు నేను కొత్తగా చెప్పేదేముంది, నా వాయిదాలు మూడు కట్టింది నువ్వే. 2019లో ప్రపంచంలో 450 కోట్ల మంది విమాన ప్రయాణాలు చేస్తే, 2020లో అది 180 కోట్లకి పడిపోయింది. ఆ ఏడాది మే నెల రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, తెరిచి చూస్తే ముప్పై ఒక్క గళ్లూ ఖాళీ. మొదట యాప్ పాడైందేమో అనుకుని మూసి మళ్లీ తెరిచాను. తర్వాత నెలలో ఉత్తరం వచ్చింది. చివర్లో చేరినవాళ్లని ముందు తీసేశారు, నేను చివర్లో చేరినవాణ్ణే. నాకు తెలిసిన పని ఏ320 నడపడం ఒక్కటే, ఆ విమానాలేమో రన్‌వే పక్కన వరసగా ఇంజిన్లకి కవర్లు తొడుక్కుని నిలబడి ఉన్నాయి. ఏడాదిన్నర ఒక గోదాములో స్టాకు లెక్కలు రాశాను. అప్పుడు నీ ఆఫీసు పని మాత్రం ఇంట్లో కూర్చుని యథావిధిగా సాగింది. ఆ రోజుల్లో నా చేతిలో నీలాంటి చదువు ఇంకొకటి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇది ఒక్కసారి జరిగి ఊరుకునేది కూడా కాదు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఇలాగే అయింది, 2008 ఆర్థిక మాంద్యంలోనూ అయింది. ఇంకో కంపెనీకి మారదామంటే చాలా చోట్ల సీనియారిటీ మళ్లీ సున్నా నుంచి లెక్క. ఏ విమానం, ఏ సీటు, పండగకి సెలవు ఎవరికి, అన్నీ సీనియారిటీ మీదే నడుస్తాయి. మీ వృత్తిలో పదేళ్ల అనుభవం పట్టుకుని ఇంకో ఆఫీసుకి వెళ్తే ఆ పదేళ్లూ నీతోనే వస్తాయి, ఆ తేడా చిన్నది కాదు.

ఇంతా రాశాక నన్ను అడుగుతావు, మరి నువ్వెందుకురా తిరిగి వెళ్లావు అని.

పోయిన చలికాలంలో ఒక రోజు రాస్తాను. తెల్లవారుజామున రెండున్నరకి అలారం. ల్యాండింగ్ నాది, అంటే రన్‌వే వైపు దిగే ఆ అప్రోచ్‌లో విమానం నడిపేది నేను, కెప్టెన్‌గారు పక్కన చూసుకుంటున్నారు. కింద పొగమంచు దట్టంగా పరుచుకుని ఉంది. మా అప్రోచ్‌కి 200 అడుగులు హద్దు, అక్కడికి దిగేసరికి రన్‌వే దీపాలు కనిపించకపోతే ఇంకేం ఆలోచించకుండా పైకి లేవాలి. 200 అడుగులు వచ్చింది. అద్దంలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు. "గో-అరౌండ్" అని లీవర్లు ముందుకి తోశాను, ఇంజిన్లు ఒక్కసారి గర్జించాయి, ముక్కు పైకి లేచింది. వెనక నూట డెబ్బై మంది ఉన్నారు, ఎవరికీ ఏం జరిగిందో తెలియదు. ఇరవై నిమిషాలు చుట్టూ తిరిగి రెండోసారి దిగాం, ఈసారి 300 అడుగుల దగ్గర ఆ మంచులోంచి తెల్లటి దీపాలు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. ఆ దీపాలు చూసినప్పుడు నా లోపల కలిగింది ఏమిటో నాకు మాటల్లో పెట్టడం రాదు, కానీ గోదాములో ఉన్న ఏడాదిన్నరలో నాకు దూరమైంది అదే.

అయితే ఇలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో. మిగతా రోజుల్లో టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్ వేస్తాం, మళ్లీ దిగే ముందు చివరి కొన్ని నిమిషాలే చేత్తో నడిపేది. మధ్యలో చేసేదంతా సరిచూసుకోవడమే. ఇంధనం లెక్క, వాతావరణం, బరువు లెక్క, ఒకరు చదివితే ఇంకొకరు చూసి ఔనంటారు. నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆఫీసులో రోజంతా లెక్కలు సరిచూసి సరిచూసి విసుగొస్తోందన్నావు. ఒరేయ్, ఇక్కడ కూడా చేసేది అదే పని, పైగా రాత్రి మూడింటికి, పదివేల గంటల అనుభవం ఉన్నా ఒక్క గీత వదలకుండా. నాకు ఆ పని ఇష్టం, ఆ పద్ధతిలో ఏదో నెమ్మది దొరుకుతుంది నాకు. నీకు దొరుకుతుందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి. సిమ్యులేటర్ చెక్ కూడా, అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో పరీక్ష, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. వీ వన్ దాటిన క్షణంలో ఒక ఇంజిన్ ఆపేస్తారు, అంటే ఇంక రన్‌వే మీద ఆగే వీలు లేనప్పుడు. విమానం పక్కకి లాగేస్తుంటే కాలితో రడ్డర్ పెడల్ తొక్కి, తోక దగ్గరి చుక్కానితో నిలబెట్టాలి, ఆ రోజు సాయంత్రానికి తొడ కండరం పట్టేస్తుంది. ఎన్నేళ్లైనా నాకు ముందు రోజు రాత్రి టెన్షన్ తగ్గలేదు. ముప్పై ఏళ్లు ఏటా రెండుసార్లు పరీక్ష రాసే వృత్తి ఇంకేదైనా ఉందేమో నాకు తెలియదు.

ఏఐ వస్తే పైలట్ ఉద్యోగాలు ఉంటాయా అని కూడా అడిగావు. ఒకప్పుడు కాక్‌పిట్‌లో రేడియో ఆపరేటర్, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్ కూడా ఉండేవాళ్లు, ఒక్కొక్కరే వెళ్లిపోయి ఇద్దరం మిగిలాం. నేను ఉన్నంతకాలం ఇద్దరం ఉంటామనే నా నమ్మకం. నీ వృత్తిలోనూ ఈ ప్రశ్న ఉంది కాబట్టి దీని మీద నిర్ణయం తీసుకోకు.

సరే, తేల్చి చెప్తానన్నాను కదా. రా. నిన్ను రావద్దనే ధైర్యం నాకు లేదు, ఎందుకంటే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టమన్నా నేను ఇదే ఎంచుకుంటాను. కానీ ఆ ఆఖరి పరీక్ష రాసి రా. నీకిప్పుడు 27, పరీక్ష అయ్యేసరికి 28. ఎయిర్‌లైన్‌లో 65 దాకా ఎగరనిస్తారు, 2006కి ముందు 60 ఉండేది. ఒక ఏడాది ఆగితే ఒక ఏడాది సీనియారిటీ పోతుంది, నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయను, కెప్టెన్ కావడం ఆ మేరకి వెనకబడుతుంది. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు చాలు, కెప్టెన్ సీటుకి కావాల్సిన లైసెన్స్‌కి 1500 గంటలు, అమెరికాలో అయితే 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరడానికే మామూలుగా అన్ని గంటలు కావాలి. నాకైతే లైసెన్స్ చేతికొచ్చాక ఉద్యోగం దొరకడానికే రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు నీ చేతిలో అకౌంటెంట్ పట్టా ఉంటే అప్పు నీ మెడ మీద కూర్చోదు. నాకు రాయి వచ్చినట్టు నీకేదైనా వచ్చినా, మళ్లీ 2020 లాంటిది వచ్చినా, నువ్వు గోదాములో ఉండవు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. ట్రైనింగ్ స్కూల్‌కి ఒక్క రూపాయి కట్టే ముందే క్లాస్ 1 మెడికల్ చేయించుకో. సగం ట్రైనింగ్ అయ్యాక రంగులు సరిగ్గా కనిపించట్లేదని తేలి ఇంటికెళ్లిపోయిన కుర్రాణ్ణి నేను చూశాను, ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ నాకు గుర్తే. స్కూల్‌వాళ్లు ఫీజు మొత్తం ఒకేసారి ముందే కట్టమంటే ఒప్పుకోకు, దశలవారీగానే కట్టు. నాన్న పేరు మీదున్న ఇల్లు మాత్రం తాకట్టు పెట్టొద్దు, ఆయన అడక్కుండానే ఇస్తానంటారు, అందుకే ముందే చెప్తున్నాను. ఉద్యోగం వచ్చిన మొదటి నెలే లైసెన్స్ పోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ తీసుకో, నేను బద్ధకించి తీసుకోలేదు.

మెడికల్‌కి వెళ్లేటప్పుడు కళ్లజోడు, పాత పవర్ చీటీ రెండూ పట్టుకెళ్లు, కళ్లజోడు ఉందని వద్దనరు, దానితో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగు చుక్కల పుస్తకం తెరిచి అందులో అంకెలు చదవమంటారు, కంగారు పడకు. చెవి పరీక్ష ముందు రోజు హెడ్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకోకు, పెద్ద చప్పుళ్లున్న చోటికి వెళ్లకు. తేదీ దొరకగానే నాకు చెప్పు. ఆ రోజు డ్యూటీలో ఉన్నా సరే, దిగి ఇంజిన్లు ఆపగానే ముందు నీకే ఫోన్ చేస్తాను.

నీ
వాడే